రెండోసారి అడక్కూడదు

షెడ్డులో అందరూ నన్ను మిరపకాయ అంటారు. ఊరికే అనరు. పనిలో చేరిన కొత్తలో నా దారపు ఉండ దాచేసి ఆటపట్టించిన ఒకడి టీ గ్లాసులో గుప్పెడు ఉన్ని కుక్కాను. నాకు ఒకటి పెట్టినవాళ్ళకి రెండు పెట్టి పంపడం నా అలవాటు. నానమ్మ పోలిక అంటుంది అమ్మ, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు. "నా పోలిక రాకపోతే ఇంకెవరి పోలిక వస్తుందే, పక్కింటివాళ్ళదా?" అంటుంది నానమ్మ. కాబట్టి పెద్ద మనసు చేసుకుని అందరినీ క్షమించేసిన పిల్ల కథ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు.

మేం పరుపులు కుడతాం, చేత్తో. పెద్ద హోటళ్ళకీ, నడుం నొప్పి ఉన్న డబ్బున్నవాళ్ళకీ వెళ్ళే పరుపులు. దూదీ ఉన్నీ దట్టించిన పరుపుని చట్రంలో గోడలా నిలబెడతారు. ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడతారు. మూరెడు పొడుగు సూదిని నేను ఇటునుంచి గుచ్చితే అవతలి మనిషి అందుకుని, దారం బిగించి, తోలు బిళ్ళ ఒకటి పెట్టి, మళ్ళీ ఇటు గుచ్చాలి. పరుపు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. సూది ఎక్కడ తేలబోతోందో సరిగ్గా అక్కడే అవతలివాళ్ళ చెయ్యి గుడ్డని సర్దుతూ ఉంటుంది. అందుకని గుచ్చే ముందు "వస్తోంది" అనాలి. అవతలివాళ్ళు చెయ్యి తీసేసి "రానీ" అనాలి. ఆ మాట వినపడిందంటే ఇక గుచ్చెయ్యడమే. "తీశావా? నిజంగా తీశావా?" అని రెండోసారి అడక్కూడదు. అడిగితే అవమానం. "నా మాట మీద నమ్మకం లేనప్పుడు ఇంకొకళ్ళని చూసుకో" అని సూది కింద పడేసి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో మేస్త్రికి కూడా తెలీదు. నేను చేరిన రోజే పెద్దమ్మ నేర్పింది. పెద్దమ్మ ఎవరికీ పెద్దమ్మ కాదు, షెడ్డులో అందరికంటే పాతకాపు, అంతే.

నాకు అవతలివైపు రేడియో ఉండేది. నా ఈడుదే, నాతోపాటే పనిలో చేరింది. నిద్రలో తప్ప నోరు మూతపడదని ఆ పేరు. రెండేళ్ళపాటు ఆ దూది గోడకి చెరోపక్కా నిలబడి మేం చెప్పుకోని మాట లేదు. మొహాలు చూసుకోనక్కర్లేకపోతే ఏదైనా చెప్పుకోవచ్చు. వాళ్ళ వదిన సబ్బు మీద గోటితో గీత పెట్టి ఎంత అరిగిందో చూసుకుంటుందని చెప్పేది. ఎప్పటికైనా తనకంటూ ఒక గది, దానికో గడియ ఉండాలని చెప్పేది. పంచదార సంగతి కూడా నేను ముందు ఆమెకే చెప్పాను.

"వస్తోంది," అన్నాను ఒకరోజు.

"రానీ."

గుచ్చి, "నాకు పంచదార అంటే ఇష్టమే," అన్నాను.

అవతల సూది ఆగిపోయింది. "ఏ పంచదార? టీలోదా, వ్యానులోదా?"

"వ్యానులోది."

"చచ్చాంరా దేవుడా. ఆ పంచదారకి చీమలెక్కువే."

పంచదార మా వ్యానులో సరుకు ఎక్కించి దించే కుర్రాడు. మాట తీపి. ముసలివాళ్ళతో ముసలి మాటలు, పిల్లలతో పిల్లల మాటలు, నాతో నాకు కావలసిన మాటలు. సాయంత్రాలు నన్ను వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మా వీధి మలుపు దాకా దింపేవాడు. ఆర్డర్లు కాస్త పుంజుకోగానే మీ నాన్నతో మాట్లాడతానన్నాడు. నమ్మాను. పంతొమ్మిదేళ్ళకి నమ్మకపోతే ఇంకెప్పుడు నమ్ముతాం? నాకు జ్వరం వచ్చి మంచాన పడ్డప్పుడు నా బదులు అతనే రేడియోకి అవతల నిలబడి కుట్టాడు. ఎంత మంచివాడో అని మురిసిపోయాను కూడా.

ఆర్డర్లు పుంజుకోలేదు. ముందు హోటళ్ళు మూతపడ్డాయి, తర్వాత మేడలు కట్టడం ఆపేశారు. మా నాన్న క్రేను నడిపేవాడు. ఆ క్రేను సగం లేచిన మేడ పక్కన మెడ చాచుకుని అలాగే ఉండిపోయింది, నాన్న ఇంటికొచ్చేశాడు. అయినా పొద్దున్నే లేచి, పనికి వెళ్ళే బట్టలు వేసుకుని, బూట్లు బిగించుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. బూట్లెందుకని ఎవరూ అడగలేదు. మేముండే గదుల కింద లాండ్రీ మూసేశారు. వీధిలో సగం షట్టర్లు పగలు కూడా దించే ఉండేవి. ఇంట్లో నలుగురం నా చేతి సూది మీదే బతుకుతున్నాం.

అప్పుడు మేస్త్రి అందరినీ పిలిచాడు. ఎనిమిది జంటల్లో మూడే ఉంటాయని యజమాని చెప్పాడట.

"ఎవర్ని తీసెయ్యాలో నేను తేలిస్తే మా ఇంటి కిటికీలకి అద్దాలు మిగలవు," అన్నాడు. "మీరే తేల్చుకోండి. వారంపాటు గేటు మూసేస్తున్నాం. తర్వాత ఒక్కొక్కరూ నా గదిలోకొచ్చి, అవతలివైపు ఎవరుండాలో పేరు చెప్పండి. లోడింగువాళ్ళు కూడా చెప్పొచ్చు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెప్తేనే జంట. జంటలు మూడుకి మించి కుదిరితే అప్పుడు కుట్టు చూసి నేనే తీసేస్తా."

పిరికివాడి తెలివి అంటే అదే. పాపం తన చేతికి అంటకుండా మా చేతే మమ్మల్ని కోయించాడు. కానీ నాకేం భయం? మా కుట్టుకి షెడ్డులో పేరుంది. నేను రేడియో పేరు చెప్తాను, రేడియో నా పేరు చెప్తుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడా అని ఎవరైనా అడుగుతారా?

వారం మధ్యలో పంచదార మా ఇంటికొచ్చాడు. మెట్ల మీద నిలబడి, గొంతు తగ్గించి, "రేడియో వాళ్ళింటికి వెళ్ళొచ్చా," అన్నాడు. "నీ పేరే చెప్తానంది. నువ్వూ ఆమె పేరే చెప్పు. నా పేరు చెప్దామని మాత్రం అనుకోకు. నా సంగతి నేను చూసుకుంటా."

ఎంత త్యాగం! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మ టీ ఇచ్చింది. అతను వెళ్ళాక నానమ్మ గ్లాసు తీస్తూ, "ఇంత తీపి మాట్లాడేవాళ్ళకి పళ్ళు తొందరగా పుచ్చుతాయి," అంది.

"ఎందుకైనా మంచిది, నువ్వే వెళ్ళి ఆ పిల్లని ఒకసారి అడిగిరావే," అంది అమ్మ.

"జంటని అడగడమేంటమ్మా? నవ్వుతారు," అన్నాను.

గేటు తెరిచిన రోజు మేస్త్రి అందరి ముందూ పేర్లు చదివాడు. రేడియో చెప్పింది పంచదార పేరు. పంచదార చెప్పింది రేడియో పేరు. జంట. తర్వాత నా వంతు. మిరపకాయ చెప్పింది రేడియో పేరు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నీ పేరు ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు, తన టిఫిన్ డబ్బా కనపడలేదన్నంత మామూలుగా.

రేడియో తలెత్తలేదు. పంచదార గేటు దాకా వచ్చి, "తర్వాత నిదానంగా మాట్లాడుకుందాం, పరిస్థితులు అలాంటివి," అన్నాడు. చెంప పగలగొట్టాల్సింది. ఆ రోజు చెయ్యి లేవలేదు. ఇప్పటికీ తల్చుకుంటే నా చేతిమీద నాకే కోపం వస్తుంది.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో వర్ణించను. ఒక్క ఉద్యోగం కోసం వీధి మలుపు తిరిగేంత వరసలో నిలబడి, నా ముందు నిలబడ్డవాళ్ళలో మా స్కూలు మాస్టార్లని చూసి తల దించుకున్నాను. ఇంట్లో టీలో పాలు పోయడం మానేశాం. అమ్మ తన చలికోటు అమ్మేసి, అది తనకి ఎప్పుడూ నప్పలేదంది. ఒక మధ్యాహ్నం రోడ్డు దాటుతుంటే వ్యాను నా ముందునుంచే వెళ్ళింది. ముందు సీట్లో, నా సీట్లో, రేడియో కూర్చుని ఉంది. అతను ఏదో చెప్తున్నాడు, ఆమె వింటోంది. అలాగే రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఎవరో హారను కొట్టి నన్నూ మా వంశాన్నీ తిట్టారు.

నాకు అతనిమీద కంటే ఆమెమీదే ఎక్కువ కసి. అతను పోతే పోయాడు, తీపి కొన్నాళ్ళు తింటాం, పళ్ళు తోముకుంటాం. కానీ ఆమె? కనపడని మనిషి మాట మీద రెండేళ్ళు నా చేతులు పెట్టాను. ఒక్క పోటు పడలేదు. పడాల్సినవన్నీ దాచిపెట్టి ఒకేసారి గుచ్చింది. నాకు నిద్ర పట్టాలంటే ఆమె ఏడుస్తున్నట్టు ఊహించుకోవాల్సి వచ్చేది. రకరకాలుగా ఏడిపించాను. ఒకసారి వర్షంలో, ఒకసారి వాళ్ళ వదిన ముందు, ఒకసారి నా కాళ్ళ దగ్గర.

"కుక్క కాటుకి చెప్పు దెబ్బ," అనేది నానమ్మ. "చెప్పు చేతికందే రోజు వస్తుంది, కాస్త ఓపిక పట్టు."

వచ్చింది. మేస్త్రే మా మెట్లెక్కి వచ్చాడు. పెద్దమ్మకి అవతల కుట్టే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట. "మిరపకాయ వస్తే కుడతా, లేకపోతే నేనూ మానేస్తానంటోంది మీ పెద్దమ్మ," అన్నాడు. నాన్న బూట్లతో లేచి నిలబడ్డాడు, పిలుపు తనకే వచ్చినట్టు. మర్నాటినుంచి నేను మళ్ళీ షెడ్డులో ఉన్నాను.

మూడు జంటలం. పెద్దమ్మా నేనూ, ఒక మొగుడూ పెళ్ళాల జంట, వాళ్ళిద్దరూ. మొగుడూ పెళ్ళాలు ఇంట్లో దెబ్బలాడుకుని వచ్చి షెడ్డులో ముత్యాల్లాంటి కుట్టు వేసేవాళ్ళు. వాళ్ళిద్దరి కుట్టు మాత్రం వదులు. పంచదార దారం బిగించడు, రేడియో వెనకనుంచి మళ్ళీ బిగిస్తుంది. ఆమె చూపుడువేలికి గుడ్డ పీలిక చుట్టి ఉండేది. అతను "వస్తోంది" అనడం మర్చిపోతాడని పెద్దమ్మ చెప్పింది. నాకు జాలి వేసిందా? లేదు. వేలు తెగలేదే అనుకున్నాను. ఇంకో సంగతి గమనించాను. రేడియో పనిలో మాట్లాడటం మానేసింది. ఆ చట్రం వైపునుంచి దారం లాగే చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

ఒకసారి ఆమె రెండు గ్లాసుల టీ తెచ్చి ఒకటి నా ముందు పెట్టింది. నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. నేను ఆమె మొహంలోకే చూస్తూ గ్లాసు వంచి టీ మొత్తం నేలమీద పోశాను. ఆమె ఒక గుడ్డ తెచ్చి, వంగి, తుడిచి వెళ్ళింది. ఆ రోజంతా నాకు పండగే.

శీతాకాలం మధ్యలో మేస్త్రి మళ్ళీ పిలిచాడు. మూడు జంటల్లో రెండే ఉంటాయట. "పాత పద్ధతే. రేపు పొద్దున్న పేర్లు చెప్పండి. మూడూ కుదిరితే కుట్టు చూసి తీసేస్తా," అన్నాడు. అందరి కళ్ళూ వాళ్ళిద్దరి చట్రం మీదికి వెళ్ళాయి. వాళ్ళిద్దరి కళ్ళూ ఒకరినొకరు తప్పించుకుని నేల చూశాయి. అప్పుడు తెలిసింది నాకు, చెప్పు చేతికందిందని.

ముందు పంచదారని పట్టుకున్నాను. గోడౌనులో ఉన్ని బస్తాలు సర్దుతున్నాడు.

"పెద్దమ్మ చెయ్యి నెమ్మదించింది. ఆవిడతో ఉంటే నేనూ మునుగుతాను," అన్నాను. "రేపు నువ్వు నా పేరు చెప్పు. నేను నీ పేరు చెప్తాను."

బస్తా వదిలేశాడు. కనీసం ఆశ్చర్యపోలేదు. నేను రావడం ఆలస్యమైందన్నట్టు నవ్వాడు. "నాకు తెలుసు. నీకు నామీద కోపం నిలవదని నాకెప్పుడో తెలుసు."

"మరి రేడియో?"

"ఆమె సంగతి ఆమె చూసుకుంటుంది," అని నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆర్డర్లు పుంజుకోనీ, మీ నాన్నతో..."

చెయ్యి కాసేపు అతని చేతిలోనే ఉంచాను. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో మోచేతిదాకా కడుక్కున్నాను.

అక్కడికే రేడియో వచ్చింది, సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి. నన్ను చూసి వెనక్కి తిరగబోయింది.

"ఆగవే," అన్నాను. ఎన్ని నెలల తర్వాతో ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది. "రేపు నా పేరు చెప్పు. నేను నీ పేరు చెప్తాను. మళ్ళీ మనమే ఉందాం."

సీసా నిండి నీళ్ళు పొర్లుతున్నా ఆమె కుళాయి కట్టలేదు. "పెద్దమ్మో?"

"పెద్దమ్మకి నేను చెప్పుకుంటాలే. వాడికి మాత్రం చెప్పకు."

"నిజంగానా?" అంది.

ఇదిగో, దీనికోసమే కాచుకుని ఉన్నాను. "రెండోసారి అడుగుతున్నావా?" అన్నాను, ఒక్కో అక్షరం నొక్కి. "నన్నా?"

ఆమె మొహం కందిపోయింది. "లేదు, లేదు. అడగలేదు. రానీ," అంది కంగారుగా, మధ్యలో పరుపు ఉన్నట్టే. కళ్ళు నిండిపోయాయి. పని నిలబడుతుందన్న సంతోషం అనుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు దానిగురించి.

పెద్దమ్మకి నిజం చెప్పాను, అంటే నాకు అక్కరకొచ్చేంత నిజం. "రేపు నీ పేరే చెప్తాను పెద్దమ్మా."

"చెప్పకేం చేస్తావ్," అంది పెద్దమ్మ బిళ్ళలు ఏరుకుంటూ. "ఆ మొహం ఏంటే, పెళ్ళి కుదిరినట్టు వెలిగిపోతోంది?"

ఇంట్లో చెబితే నానమ్మ చప్పట్లు కొట్టింది. "తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు! నా మనవరాలివి!"

"చెరపకురా చెడేవు అన్నారు," అంది అమ్మ.

"నన్ను చెరిపినప్పుడు వాళ్ళకెవరూ చెప్పలేదేమమ్మా ఆ సామెత?"

నాన్న కిటికీ దగ్గరనుంచి, "నీ పని నిలబడుతుందా?" అని మాత్రం అడిగాడు. నిలబడుతుందన్నాను. "అయితే సరే," అని బూట్ల లేసులు విప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఒక్కొక్కరం మేస్త్రి గదిలోకి వెళ్ళొచ్చాం. పంచదార బయటికొస్తూ నావైపు కన్ను గీటాడు. రేడియో బయటికొచ్చి నావైపు చూసి చిన్నగా తల ఊపింది. ఇద్దరికీ ఒకేలా తల ఊపాను.

మేస్త్రి చదవడం మొదలుపెట్టాడు. మొగుడు చెప్పింది పెళ్ళాం పేరు, పెళ్ళాం చెప్పింది మొగుడి పేరు. "బతికిపోయావ్," అంది ఆవిడ మొగుడితో. అందరూ నవ్వారు. పెద్దమ్మ చెప్పింది మిరపకాయ పేరు. మిరపకాయ చెప్పింది పెద్దమ్మ పేరు. జంట.

పంచదార నవ్వు సగంలో ఆగింది. అతని మొహం మీదినుంచి రంగు దిగిపోవడం మొదటి నుంచి చివరిదాకా చూశాను, ఒక్క రెప్ప కూడా వెయ్యకుండా.

"పంచదార చెప్పింది," మేస్త్రి కళ్ళజోడు సర్దుకున్నాడు, "మిరపకాయ పేరు. రేడియో చెప్పింది... ఇదేంటి, మిరపకాయ పేరే."

మొగుడూ పెళ్ళాల్లో మొగుడు పగలబడి నవ్వాడు. "ఒక్క పెళ్ళికూతురికి ఇద్దరు వరులా! పీటల మీద మాత్రం పెద్దమ్మ!" షెడ్డంతా గొల్లుమంది. ఒకరినొకరు ఎలా అమ్ముకున్నారో వాళ్ళిద్దరికీ అందరి ముందూ తెలిసిపోయింది. నాకు కావలసింది సరిగ్గా అదే. పని పోవడం కాదు, పని ఎవరికైనా పోతుంది. నమ్మినవాళ్ళు పేరు చెప్పకపోతే గుండెల్లో ఎక్కడ కలుక్కుమంటుందో ఆ చోటు వాళ్ళకి తెలియాలి.

"మోసం! నమ్మించి గొంతు కోసింది!" అని పంచదార అరుస్తున్నాడు. "మేస్త్రిగారూ, నిన్న ఇదే వచ్చి నాతో..."

"మీరు చెప్పిన పేర్లు మీరే చెప్పారు. నాకేం సంబంధం?" అన్నాడు మేస్త్రి. పిరికివాడి తెలివి నాకు మొదటిసారి నచ్చింది.

పంచదార నా మీదికొచ్చాడు. "ఎందుకిలా చేశావే?"

"పరిస్థితులు అలాంటివి," అన్నాను. ఆ మాట నా నోట్లో ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. అతను చట్రాన్ని కాలితో తన్ని, కాలు పట్టుకుని, గెంతుకుంటూ బయటికి పోయాడు. నెలల తరబడి ఊహించుకున్నదానికంటే బాగుంది. గెంతుతాడని నేను ఊహించలేదు.

రేడియో మాత్రం అరవలేదు. తన డబ్బా, తన పాత స్వెట్టరు తీసుకుని నిదానంగా నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఆమె ఏడవడం చూడందే నా లెక్క పూర్తి కాదు. గేటు దగ్గర ఆగి నాకోసమే అన్నట్టు నిలబడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అచ్చం ఇలాగే చేశాడు," అంది.

"ఎవరు?"

"వాడే. మొదటిసారి గేటు మూసినప్పుడు మా ఇంటికొచ్చాడు. మిరపకాయ పెద్దమ్మ పేరు చెప్తుందట, వాళ్ళ నాన్న అలాగే చెప్పమన్నాడట, తనని కూడా వదిలేసిందట, 'నీ పేరు నేను చెప్తా, నా పేరు నువ్వు చెప్పు' అన్నాడు. మా వదిన పక్కనే నిలబడి వింటోంది. పని పోతే గుమ్మం ఎక్కొద్దని అప్పటికే చెప్పింది."

 అయినా నేను మిరపకాయని. "అది నమ్మావా? నా దగ్గరికొచ్చి ఒక్క మాట అడగొచ్చుగా?"

"జంటని అడుగుతామా?" అంది. "నువ్వు అడిగావా?"

 రోడ్డు మీద ఒక బస్సు ఖాళీగా వెళ్ళింది.

"ఆ రోజు మేస్త్రి పేర్లు చదివినప్పుడు నువ్వు నా పేరే చెప్పావని తెలిసింది. అప్పటినుంచి పరుపుకి వాడు అటు, నేను ఇటు. ఏం మాట్లాడను? ఎవరితో మాట్లాడను? నీకు చెప్పుకోవాలని టీ తెచ్చాను, నేలమీద పోశావు."

"వ్యానులో వాడి పక్కన కూర్చున్నావుగా," అన్నాను. నా కోపం చేతిలోంచి జారిపోతోంది, దాన్ని పట్టుకోవడానికి దొరికిందల్లా వాడుతున్నాను.

"కూర్చున్నాను. నువ్వు లేవు. ఎవరో ఒకరు కావాలిగా." స్వెట్టరు తలమీదినుంచి దించి వేసుకుంది. వేలి పీలిక ఊలుకి తగులుకుంటే విడదీసుకుంది. "నిన్న కుళాయి దగ్గర నువ్వు మళ్ళీ మనమే ఉందామన్నావు చూడు. ఈ పని ఉంటే ఉంది, పోతే పోయిందనుకున్నాను. నువ్వు పిలిచావు, చాలనుకున్నాను. అయినా భయమేసి అడిగాను. రెండోసారి అడిగానే. నువ్వే తిట్టావు."

"ఒసేయ్," అన్నాను.  "మేస్త్రితో మాట్లాడతాను, పెద్దమ్మ ఎలాగూ ఎన్నాళ్ళో కుట్టదు, నేను వెళ్ళి..."

"వద్దు. ఇంక నీకు అవతల నేను నిలబడలేను." కోపంగా అనలేదు. చలిగా ఉందన్నంత మామూలుగా అంది. డబ్బా సంచిలో పెట్టుకుంది. "నీ పని పోయిన రోజు నాకు అన్నం దిగలేదు. నా పేరు ఎవరూ చెప్పలేదని తేలినప్పుడు నువ్వు నవ్వావు. నేను చూశాను."

ఆమె రోడ్డు దాటి, మూసిన షట్టర్ల పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. లోపలినుంచి పెద్దమ్మ, "అమ్మాయ్, వస్తున్నావా?" అని కేకేసింది. వెంటనే వెళ్ళలేకపోయాను. ఆ నవ్వు ఇంకా మొహం మీదే ఉందేమోనని చేత్తో తుడుచుకున్నాను.